వేరుకుళ్ళు శిలీంధ్రానికి పేరు పెట్టిన కార్నర్ గారు

సింగపూరు బొటానిక్ గార్డెన్స్ చూడని తెలుగు కుటుంబం మన దీవిలో ఉండదు. ఆదివారం పూట పిల్లలను తీసుకుని వెళ్తాం. పులిహోర పొట్లాలు విప్పుకుని తింటాం. ఆర్కిడ్ పూల దగ్గర ఫోటోలు దిగుతాం. 1859లో మొదలైన ఆ తోటకు 2015లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ గౌరవం కూడా దక్కింది. రబ్బరు చెట్టును మలయా దేశానికి అలవాటు చేసిన రిడ్లే దొరగారి పేరు మన పిల్లలు బడిలోనే వింటారు. ఆ తోటలోనే పనిచేసిన కార్నర్ గారి పేరు కూడా పెద్దవాళ్ళలో చాలామందికి తెలుసు. అయితే కోతులను చెట్లెక్కించి పూలు కోయించిన దొరగానే తెలుసు. ఆయన చేసిన పనులలో మన తాతముత్తాతల కష్టంతో నేరుగా ముడిపడినది వేరే ఉన్నది. కోతుల కథ సరదాగా ఉంటుంది కాబట్టి అది నిలిచింది, ఇది మరుగున పడింది. ఈ సంచికలో ఆ రెండవ సంగతినే కాస్త విస్తరించి వ్రాస్తున్నాను.

ఎడ్రెడ్ జాన్ హెన్రీ కార్నర్ గారు 1906 జనవరి 12వ తేదీన లండన్ నగరంలో జన్మించారు. తండ్రిగారు పేరున్న శస్త్రవైద్యులు. కార్నర్ గారు రగ్బీ పాఠశాలలోనూ, తర్వాత కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలోనూ చదివారు. చిన్ననాటి నుంచీ ఆయనకు పుట్టగొడుగులంటే మోజు. 1929లో, 23 ఏళ్ళ వయసులో, సింగపూరు తోటకు సహాయ సంచాలకులుగా వచ్చారు. అప్పటి సంచాలకులు హోల్టమ్ గారు, ఫెర్న్ మొక్కలలోనూ ఆర్కిడ్లలోనూ దిట్ట. పెద్దాయన పూలూ ఆకులూ చూసుకుంటే, చిన్నాయన చెట్లూ శిలీంధ్రాలూ చూసుకున్నారని స్థూలంగా చెప్పవచ్చు.

శిలీంధ్రం అనే మాట నేను సాయంత్రపు తెలుగు తరగతిలో నేర్చుకున్నాను. మా ఇంట్లో అమ్మమ్మకు తెలిసినవి బూజు, కుక్కగొడుగు. నిజానికి ఆ రెండు మాటలలోనే విషయమంతా ఉంది. కట్టెలోనూ మట్టిలోనూ కంటికి ఆనకుండా పాకే సన్నని దారాలు బూజు. ఆ దారాలు బలిసిన తర్వాత విత్తనాలు చల్లుకోవడానికి బయటికి తీసే గొడుగు కుక్కగొడుగు. చెట్లను చంపేది గొడుగు కాదు, దారమే. గొడుగు కనిపించే వేళకు చెట్టు పని అయిపోయి ఉంటుంది. కొన్ని జబ్బులలో గొడుగు ఏళ్ళ తరబడి కనిపించనే కనిపించదు.

ఆయన వచ్చిన కాలం ఎలాంటిదో చెప్పాలి. 1929 చివరలో ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం మొదలయింది. రబ్బరు ధర పాతాళానికి పోయింది. తోటల యజమానులు వేలాది భారతీయ కూలీలను ఓడలెక్కించి తిరిగి ఇండియాకు పంపించారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్ళు కూడా వారిలో ఉన్నారు. మిగిలినవారికి పని ఎక్కువ, కూలి తక్కువ. మా తాతగారు జొహోరులో ఒక రబ్బరు తోటలో ఉండేవారు. తెల్లవారుజామున పాలు గీయడం, మధ్యాహ్నం తర్వాత కంగాణి చెప్పిన వరుసలో చెట్ల మొదళ్ళ దగ్గర మన్ను తవ్వి వేళ్ళు చూడడం ఆయన పని అని మా నాన్నగారు చెప్పేవారు. వేళ్ళు ఎందుకు చూడాలి? అక్కడికే వస్తున్నాను.

మలయాలో రబ్బరు తోట వేయడమంటే ముందు అడవిని నరికి తగలబెట్టడం. పైన ఉన్నది కాలిపోతుంది. మట్టిలో మొద్దులూ వేళ్ళూ అలాగే ఉండిపోతాయి. పాత అడవి చెట్ల వేళ్ళలో అంతకుముందే ఉన్న శిలీంధ్రం ఆ చచ్చిన కట్టెను తింటూ ఏళ్ళ తరబడి బ్రతుకుతుంది. పైన నాటిన రబ్బరు మొక్క వేరు ఎదిగి ఎదిగి ఒకనాడు ఆ మొద్దును తాకుతుంది. అంతటితో దారాలు దీని మీదికి ఎక్కుతాయి. దీని నుంచి ప్రక్క చెట్టుకు, అక్కడ నుంచి ఇంకో చెట్టుకు, వేరూ వేరూ కలిసినచోటల్లా అది నడుస్తుంది. అందుకే ఈ జబ్బు తోటలో గుండ్రటి మచ్చలాగ పెరుగుతుంది. నడుమ ఖాళీ, చుట్టూ చచ్చేవి, వాటి చుట్టూ పచ్చగా కనిపిస్తూ లోపల పట్టుబడినవి. రబ్బరు చెట్టు మీద ఇలాంటి వేరుజబ్బును 1904లో మొట్టమొదట గుర్తించినది మన సింగపూరు తోటలోనే. గుర్తించినవారు రిడ్లే గారే.

ఆకులు చూసి ఈ జబ్బు చెప్పడం కష్టం. ఆకు కళ తప్పి, పసుపు తిరిగి, కొమ్మలు పలచబడే సరికి క్రింద వేళ్ళు సగానికి పైగా పోయి ఉంటాయి. ఒక్కొక్కసారి ఆకు పచ్చగా ఉండగానే గాలివానకు చెట్టు కూలిపోతుంది. అప్పుడు చూస్తే వేరనేదే ఉండదు. కాబట్టి జబ్బును ముందుగా పట్టుకోవాలంటే మన్ను తీసి చూడవలసిందే. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక పార, ఒక కత్తి, ఒక బొక్కెన నీళ్ళు చాలు.

మలయా తోటలలో ముఖ్యంగా మూడు రకాల వేరుజబ్బులు ఉండేవి. వాటిని రంగు పేర్లతోనే పిలిచేవారు. తెల్లవేరు జబ్బులో వేరు బెరడు మీద తెల్లటి చదునైన దారాలు అల్లుకుని, వేరుకు గట్టిగా అంటుకుని ఉంటాయి. ఎర్రవేరు జబ్బులో వేరు మీద ఎర్రటి తోలులాంటి పొర ఉంటుంది. మన్ను పట్టి ఉన్నా నీళ్ళు పోసి రుద్దితే ఊడిపోయి ఎరుపు బయటపడుతుంది. మూడవది గోధుమవేరు జబ్బు. ఇందులో మన్ను, ఇసుక, చిన్న చిన్న రాళ్ళు అన్నీ కలిసి సిమెంటు పూసినట్లు వేరుకు పట్టుకుపోతాయి. ఎంత కడిగినా పోదు. కత్తితో గీకితే ఆ మన్నును పట్టి ఉంచిన గోధుమరంగు దారాల జిగి కనిపిస్తుంది. బాగా ముదిరిన తర్వాత కట్టెను చీల్చి చూస్తే మెత్తబడిన చెక్కలో తేనెపట్టు గదుల్లాగ గోధుమరంగు గీతలు ఉంటాయి. కొన్ని చెట్లలో ఈ దారాల పొర నేలపైకి కూడా ఎక్కి, చెట్టు మొదలుకు మేజోడు తొడిగినట్లు చుట్టుకుంటుంది. మేజోడు నల్లగా ఉంటుంది. ఎదిగే అంచు మాత్రం మీగడ రంగులో ఉంటుంది.

ఈ తేడాలు చదువురాని కూలీకి కూడా పట్టుబడతాయి. మా తాతగారికి సంతకం రాదు, కానీ చేత్తో తడిమి ఏ జబ్బో చెప్పేవారట. మన పెద్దలను కేవలం పాలు గీసినవారిగానే మనం తలచుకుంటాం. వారి చేతికి ఈ విద్య కూడా తెలుసునని మన పిల్లలకు చెప్పాలి.

సరే, కార్నర్ గారి పని ఏమిటి? గోధుమవేరు జబ్బు ఏదో అందరికీ తెలుసు. దాన్ని కలిగించే శిలీంధ్రం ఏదో మాత్రం శాస్త్రజ్ఞులకు తేలలేదు. దాని గొడుగు అరుదుగా దొరుకుతుంది. సిలోనులో పెరదెనియలో పనిచేసిన పెచ్ గారు చాలా గొప్ప పరిశోధకులు. ఆయన మొదట దీనికి ఒక పేరు చెప్పారు, తర్వాత ఇంకొక పేరు చెప్పారు. ఆ రెండవ పేరు ఫోమెస్ లామాఒయెన్సిస్. అది ఫిలిప్పీన్స్ దేశంలో దొరికిన వేరొక శిలీంధ్రానికి పెట్టిన పేరు. పైకి చూస్తే రెండూ ఒకే రకం. చెట్టు ప్రక్క నుంచి అరలాగ పొడుచుకు వచ్చే గట్టి గోధుమరంగు గొడుగులు. పుస్తకాలన్నీ ఆ పేరునే వాడుతూ వచ్చాయి.

కార్నర్ గారు మలయాలో దొరికిన నమూనాలను తీసుకుని, పలుచగా కోసి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టి పరీక్షించారు. ఆ ఫిలిప్పీన్స్ జాతి గొడుగు అడుగున ఉండే సన్నని రంధ్రాల గోడల మీద చిన్న చిన్న గోధుమరంగు ముళ్ళు ఉంటాయి. వేరుజబ్బు శిలీంధ్రంలో ఆ ముళ్ళు లేవు. దానికి బదులు గొడుగు కండలో పొడవైన, మందమైన, ముదురురంగు దారాలు సాగి ఉన్నాయి. రెండూ వేరు వేరు జాతులని తేలిపోయింది. 1932లో సింగపూరు తోట వారి గార్డెన్స్ బులెటిన్‌లో ముప్పయి పేజీలకు పైబడిన వ్యాసం ప్రకటించి, ఆయన దానికి ఫోమెస్ నాక్సియస్ అని పేరు పెట్టారు. నాక్సియస్ అంటే లాటిన్ భాషలో హానికరమైనది అని అర్థం. అప్పటికి ఆయన వయసు 26.

పేరు మారితే చెట్టు బ్రతుకుతుందా అని ఎవరైనా అడగవచ్చు. తరగతిలో పిల్లలు నన్ను ఇలాంటి ప్రశ్నలే అడిగేవారు. రెండు శిలీంధ్రాలకు ఒకే పేరు ఉన్నంతకాలం ఒకదాని నడవడిని ఇంకొకదానికి అంటగడతాం. అడవిలో ఒక గోధుమరంగు గొడుగు కనబడితే తోటకు ప్రమాదమని భయపడతాం. అది ఏ హానీ చేయనిది కావచ్చు. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు మనుషుల ఆసుపత్రి కాగితాలు కలిసిపోతే ఏమవుతుందో అదే అవుతుంది. పేరు విడదీసిన తర్వాతనే ఏది ఎక్కడ ఉంటుంది, ఏ చెట్టును పడుతుంది, ఎంత వేగంగా నడుస్తుంది అనే లెక్కలు నిలబడతాయి.

ఈ పని చేస్తూండగా ఆయనకు ఇంకొకటి తోచింది. అంతవరకూ గట్టిగొడుగుల జాతులను రంగు, ఆకారం, రంధ్రాల కొలత చూసి విభజించేవారు. ఆయన గొడుగును సూదులతో దారం దారంగా విప్పి చూశారు. మన నేతగాళ్ళు బట్ట అంచు పీకి పడుగేదో పేకేదో చూసినట్లే! కొన్ని గొడుగులలో ఒకే రకం దారం ఉంది. కొన్నింటిలో పెంచే దారంతో పాటు బిగువునిచ్చే గట్టి దారం ఉంది. మరి కొన్నింటిలో వీటిని కట్టి ఉంచే మూడవ రకం కూడా ఉంది. 1932లోనే ఆయన ఈ సంగతి వ్రాసి, ఏకదారం, ద్విదారం, త్రిదారం అనే అర్థం వచ్చే మోనోమిటిక్, డైమిటిక్, ట్రైమిటిక్ అన్న మాటలు కల్పించారు. ఈనాటికీ ప్రపంచంలో ఎక్కడ గట్టిగొడుగు శిలీంధ్రాన్ని వర్ణించినా ఈ మాటలు లేకుండా వర్ణించరు. ఆయన పేరు నిలవడానికి ఇది ఒక్కటి చాలునని నా అభిప్రాయం.

ఆయన పెట్టిన జాతి పేరు కూడా అలాగే ఉంది. ముందరి సగం మాత్రం రెండుసార్లు మారింది. 1965లో ఫెల్లినస్ నాక్సియస్ అయింది, 2018లో పైరోడెర్మా నాక్సియమ్ అయింది. ఇల్లు మారినా మనిషి మారలేదన్నమాట. ఇది రబ్బరును మాత్రమే పట్టే జబ్బు కాదని తర్వాత తేలింది. 200కు పైగా జాతుల చెట్లను అది పట్టుకుంటుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో పైను చెట్ల వంటి అరౌకేరియా తోటలలో చెట్లను చంపింది. తైవాన్‌లోనూ, హాంకాంగ్‌లోనూ, జపాను దక్షిణ దీవులలోనూ వీధుల ప్రక్క పెద్ద చెట్లు దీనివల్ల పోతున్నాయి. ఇప్పుడు శబ్దతరంగాలతో చెట్టు లోపలి కుళ్ళును చూసే యంత్రాలు వచ్చాయి. వేరుముక్కలోని డి.ఎన్.ఏ. పరీక్షతో శిలీంధ్రం పేరు చెప్పవచ్చు. అయినా మొదట వెళ్ళిన మనిషి చేసే పని మొదట్లో మన్ను తీసి చూడడమే.

కోతుల కథ క్లుప్తంగా చెబుతాను. మలయా అడవిచెట్లు ఆకాశానికి ఎదుగుతాయి. పువ్వు అందదు, చెట్టును నరకడానికి మనసొప్పదు. కెలంతాన్ మలయ్ రైతులు బెరోక్ అనే కోతులకు కొబ్బరికాయలు దించడం నేర్పుతారు. కార్నర్ గారు 1937 నుంచి అలాంటి కోతులను తెచ్చి, మలయ్ భాషలో చెప్పిన మాటకు కొమ్మలు విరిచి క్రిందికి వేసేటట్లు తయారుచేశారు. ఆ విధంగా సేకరించిన జ్ఞానంతో 1940లో మలయా దారిప్రక్క చెట్ల గురించి రెండు సంపుటాల పుస్తకం ప్రకటించారు. పండితుల కోసం కాక, సామాన్య పాఠకుడి కోసం వ్రాసిన పుస్తకం అది. మా తరం సింగపూరు ఉపాధ్యాయులం చెట్ల పాఠం చెప్పడానికి దాన్నే తిరగేసేవాళ్ళం. ఆ కోతులలో ఒకటి ఒకసారి ఆయనను తీవ్రంగా కరిచింది. చేతికి తగిలిన గాయం వల్ల, జపాను వారితో యుద్ధం వచ్చినప్పుడు ఆయన స్వచ్ఛంద సైన్యంలో పోరాడలేకపోయారు.

యుద్ధకాలం గురించి వ్రాయడం కష్టం. వ్రాయకుండా ఉండడం ఇంకా తప్పు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైంది. గవర్నరు షెంటన్ థామస్ గారు మ్యూజియం, గ్రంథాలయం, తోట కాపాడమని కోరుతూ వ్రాసిన చీటీని తీసుకుని కార్నర్ గారు జపాను అధికారుల దగ్గరికి వెళ్ళారు. తనకాదతే అనే జపాను ఆచార్యుడు ఆ పని తన మీద వేసుకున్నారు. తోటి ఆంగ్లేయులందరూ చాంగీ నిర్బంధంలోకి నడిచి వెళ్తే, కార్నర్ గారు, హోల్టమ్ గారు మరి కొద్దిమంది బయట ఉండి పనిచేశారు. ఖాళీగా పడి ఉన్న ఇళ్ళ నుంచి పుస్తకాలను పోగుచేసి దాచారు. ఎండబెట్టిన మొక్కల నమూనాలు దోపిడీ పాలు కాకుండా చూశారు. తర్వాత తొకుగవా అనే ప్రభువు మ్యూజియానికీ తోటకూ అధ్యక్షులయ్యారు. కొరిబా అనే వృక్షశాస్త్ర ఆచార్యులు తోట సంచాలకులయ్యారు. కార్నర్ గారు వారి క్రింద 1945 దాకా శాస్త్రం చేసుకుంటూ ఉన్నారు. చాంగీలో ఆకలితో మాడిన ఆంగ్లేయులు కొందరు ఆయనను ద్రోహి అన్నారు. ఆ మచ్చ ఆయనను చాలాకాలం వెంటాడింది. 1981లో తన వైపు కథను, ఆ జపాను ప్రభువును గురించి ఒక పుస్తకంగా వ్రాసుకున్నారు.

ఆయన ద్రోహి అని నేను అనుకోను. ఆ పుస్తకాలూ నమూనాలూ అప్పుడు పోయి ఉంటే తిరిగి సంపాదించడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఫోమెస్ నాక్సియస్ నిజమో కాదో మళ్ళీ సరిచూడాలంటే నమూనాలు ఉండాలి కదా! కానీ ఒక మాట చెప్పక తప్పదు. అదే 1942లో ఇదే ఊరిలో వేలమంది చైనా జాతీయులను సముద్రపుటొడ్డుకు తీసుకుపోయి చంపారు. 1942, 1943 సంవత్సరాలలో మలయా రబ్బరు తోటల నుంచి తమిళులనూ మన తెలుగువారినీ లారీలలోనూ రైళ్ళలోనూ ఎక్కించి సయాం–బర్మా రైలుమార్గం పనికి తీసుకుపోయారు. ఎంతోమంది కలరాకూ మలేరియాకూ ఆకలికీ బలై తిరిగి రాలేదు. మా తాతగారి కూలీలైనులో నుంచి వెళ్ళినవారిలో ఇద్దరే తిరిగి వచ్చారని మా ఇంట్లో చెప్పుకునేవారు. చెట్టు వేరు తడిమి జబ్బు చెప్పగల చేతులు ఆ అడవిలో పట్టాల క్రింద కంకర కొట్టాయి. ఎండుమొక్కలను కాపాడడానికి ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఉన్నారు. ఆ చేతులను కాపాడడానికి ఎవరూ లేరు. దీనికి కార్నర్ గారిని నిందించడం న్యాయం కాదు. కానీ మన కుటుంబాలలో ఆయన కథ చెప్పేటప్పుడు ఈ కథను కూడా ప్రక్కన పెట్టి చెప్పాలి.

యుద్ధం తర్వాత ఆయన సింగపూరు విడిచి వెళ్ళిపోయారు. యునెస్కో తరఫున కొంతకాలం దక్షిణ అమెరికాలో పనిచేసి, 1949లో కేంబ్రిడ్జిలో అధ్యాపకులుగా చేరారు. ఆ సంవత్సరమే మన దురియన్ పండును ఆధారం చేసుకుని పూచే చెట్లన్నీ మొదట ఎలా ఉండేవో ఊహించి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. దాన్ని ఒప్పుకున్నవారికంటే కాదన్నవారే ఎక్కువ. వాసన భరించలేక దురియన్ ముఖం చూడని ఆంగ్లేయుల మధ్య ఒకాయన దాన్ని శాస్త్ర సింహాసనం మీద కూర్చోబెట్టారని నాకు మాత్రం ముచ్చటగా ఉంటుంది. 1955లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1960లో డార్విన్ పతకం వచ్చాయి. 1966లో ఉష్ణమండల వృక్షశాస్త్రానికి ఆచార్యులయ్యారు. 1985లో జపాను దేశం జీవశాస్త్రానికి అంతర్జాతీయ బహుమతి నెలకొల్పి, మొట్టమొదటిసారి ఆయనకే ఇచ్చింది. తాను కూడా జీవశాస్త్రజ్ఞుడైన హిరోహితో చక్రవర్తి చనిపోయిన తర్వాత, ఆయన జీవితాన్ని రాయల్ సొసైటీ కోసం వ్రాసినవారు కార్నర్ గారే. పాత నిందను గుర్తుపెట్టుకున్నవారికి ఇది ఎలా తోచిందో ఊహించుకోవచ్చు.

ఇంటి విషయంలో ఆయన అదృష్టవంతులు కారు. సింగపూరు పడిపోకముందే భార్యనూ పసిబిడ్డ అయిన కొడుకునూ ఓడ ఎక్కించి పంపించివేశారు. యుద్ధం తర్వాత కలుసుకున్నా తండ్రికీ కొడుకుకూ పొసగలేదు. 19 ఏళ్ళ వయసులో ఆ కుర్రవాడు ఇల్లు విడిచి వెళ్ళి, తండ్రిని మళ్ళీ ఎన్నడూ చూడలేదు. అడవిలో ఎంతో ఎత్తున ఉన్న కోతితో మాట్లాడగలిగిన మనిషి ఆయన! 1996 సెప్టెంబరు 14న ఆయన కన్నుమూశారు. ఎక్కడ ఉన్నాడో తెలియని ఆ కొడుకు పేర ఒక పెట్టె వదిలి వెళ్ళారు. అందులో ఉత్తరాలు, కాగితాలు, ఫోటోలు ఉన్నాయి. పెట్టె చేతికి వచ్చిన తర్వాత కూడా కొడుకు చాలా ఏళ్ళు దాన్ని తెరవలేదు. చివరికి తెరిచి, వాటన్నిటినీ చదివి, తండ్రిని వెతుక్కుంటూ ఒక పెద్ద పుస్తకం వ్రాశారు. అది 2013లో మన సింగపూరులోనే అచ్చయింది.